మా బడి బాగలేదు

బడి తనిఖీకి ముందురోజు సాయంత్రం బోడెమ్మపల్లె కాలనీలో ఒక గోనెసంచి ఇల్లిల్లూ తిరుగుతుంది. వింతేమో అనుకునేరు, ఆ ఊళ్లో అది మామూలే. సంచి పట్టుకున్నవాడు ఊళ్లో పెద్ద రైతు వెంకటేష్ దగ్గర జీతగాడు. గుమ్మం ముందర నిలబడి "గౌను ఇయ్యక్కా, చొక్కా ఇయ్యక్కా" అని అడుగుతాడు. తల్లులు ఉతికి, ఆరేసి, మడతపెట్టిన పిల్లల బడిబట్టలు తెచ్చి అందులో వేస్తారు.

తెల్లవారి ఆ బట్టలు ఆళ్లగడ్డ ప్రైవేటు బడి పిల్లలు వేసుకుంటారు. వ్యానులో దిగి మన పిల్లల బెంచీల మీద కూర్చుంటారు. నంద్యాల నుంచి వచ్చిన ఆఫీసరమ్మ అడిగినదానికల్లా టకటకా జవాబు చెప్తారు. మన పిల్లలేమో ఆ పొద్దంతా వెంకటేష్ విత్తనపత్తి చేలో ఉంటారు. చూడండి ఎంత చక్కటి ఏర్పాటో! బడికి మంచిపేరు, వెంకటేష్‌కు కూలీలు, ఆఫీసరమ్మకు సంతోషం. ఎవరికీ నష్టం లేదు, పిల్లలకు తప్ప.

నాగేశ్వరమ్మ కూడా ఇచ్చింది. సంకలో చిరిగితే నీలం దారంతో కుట్టి మరీ ఇచ్చింది, పరాయి పిల్లకు చిరిగిన గౌను ఇస్తే బాగుండదని. కూతురు సంధ్య అన్నం తింటూ అడిగింది.

"మా, రేపు నా గౌను ఎవురేసుకుంటారు?"

"ఎవురో ఆళ్లగడ్డ పాప."

"సంధ్యా అని పిలిస్తే ఆ పాప పలుకుతాది గదా?"

"పలుకుతాది."

"మళ్ల రేపు నేనెవురు మా?"

"నోరు మూసుకోని తిను" అంది నాగేశ్వరమ్మ. కూలికి పోయొచ్చిన మనిషి అంతకంటే ఏం చెప్తుంది?

సంధ్య అయిదో తరగతి. తన పేరు రాస్తుంది, అమ్మ పేరు రాయమంటే సగంలో ఆగిపోతుంది. బడిలో అయిదు తరగతులకూ ఒకే అయ్యవారు, కృష్ణస్వామి సారు. అహోబిలంలో గుడి కైంకర్యం చేసుకునే ఇంటివాడు, ఆళ్లగడ్డలో కాపురం, రోజూ మోటారు సైకిల్ మీద వస్తాడు. చెడ్డవాడు కాడు, భయస్తుడు. ఇంకొక టీచరమ్మ ఉండేది, పోయినేడు ఆమెను ఎక్కడికో తీసుకుపోయారు. అప్పటినుంచి సారు ఒకటో తరగతికి అ ఆ లు చెప్పేసరికి అయిదో తరగతి పిల్లలకు ఇంటిగంట కొడుతుంది.

ఇంత జరుగుతుంటే తల్లులు ఎందుకు ఊరుకున్నారంటారా? వెంకటేష్ బడి కమిటీకి పెద్ద. కాలనీలో కూర్చోబెట్టి ఆయన చెప్పిన మాట ఒకటే. "మీ పిల్లోల్లు ఆఫీసరు ముందర నీళ్లు నమిల్నారనుకో, బడి మూసేస్తారు. మళ్ల రోడ్డు దాటి శిరివెళ్లకు పంపాల్సొస్తాది ఆడపిల్లోల్లను. లారీల కిందికి పంపుతారా? ఊరి పరువు నేను కాపాడ్తాండా, మీరు గమ్మునుండండి." గమ్మునున్నారు. పైగా, తమ పిల్లల పేర్ల పక్కన మంచి మార్కులు పడుతున్నాయంటే లోలోపల కాస్త మురిశారు కూడా.

విత్తనపత్తి పని తెలుసు కదా మీకు? సాయంత్రం మొగ్గ విప్పి లోపలి పుప్పొడి కాడలు గిల్లి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తగిలించాలి. తెల్లవారి మగపూవు తెచ్చి ఆ మొగ్గకు అద్దాలి. దానికి సన్నటి వేళ్లు కావాలి, నడుము వంచే పని లేకుండా మొక్కంత ఎత్తు కావాలి. పదేండ్ల పిల్ల సరిగ్గా సరిపోతుంది. నాగేశ్వరమ్మ ఆ ఈడులోనే మొదలుపెట్టింది. ఇప్పుడామె వేలికొసలకు స్పర్శ లేదు. కాలే కుండ పట్టుకున్నా తెలియదు. పురుగుమందు ఎక్కిన వేళ్లు అట్లే అవుతాయి లెమ్మని ఆమె ఎప్పుడో ఊరుకుంది.

తనిఖీ పొద్దున నాగేశ్వరమ్మ భర్త మద్దిలేటి వెంకటేష్ ట్రాక్టరు తోలుకొచ్చాడు. కాలనీ పిల్లలందరూ ట్రాలీ ఎక్కారు. సంధ్య పాత లంగా వేసుకుని, నాయన వెనకనే నిలబడి చెయ్యి ఊపింది. నాగేశ్వరమ్మ బడికి పోయింది, వంట చేసే సుగుణమ్మకు సాయంగా. ఆఫీసరొచ్చిన పొద్దు కూరలో పప్పు ఎక్కువ పడుతుంది, ఒక మనిషి చేతులు చాలవు.

వంటగది కిటికీలోంచి తరగతి కనబడుతుంది. ఆఫీసరు గీతాంజలి మేడం కుర్చీలో కూర్చుని పేర్లు పిలిచింది.

"సంధ్య."

"ప్రెజెంట్ మేడం."

నీలం దారం కుట్టు కనబడింది నాగేశ్వరమ్మకు. తెల్లటి పిల్ల, రెండు జడలు. పాఠం పుస్తకం తీసి ఎక్కడా ఆగకుండా చదివింది. వెంకటేష్ సెల్‌ఫోన్లో వీడియో తీసుకున్నాడు. మేడం చప్పట్లు కొట్టి, బ్యాగులోంచి చాక్లెట్ తీసి ఇచ్చి "శభాష్ సంధ్యా" అంది.

ఏం చెప్పమంటారు, ఒక్క గడియ నాగేశ్వరమ్మకు గర్వమనిపించింది. తన బిడ్డ పేరును అంత పెద్ద మేడం శభాష్ అని పిలుస్తుంటే ఒళ్లు పులకరించింది. పిల్ల వేరేదని తెలిసి కూడా.

అప్పుడే వంటగది వెనక ట్రాక్టరు వచ్చి ఆగింది. ట్రాలీ లేకుండా, ఉత్త ఇంజను. తోలుతున్నది మద్దిలేటి. ఒక చేత్తో స్టీరింగు పట్టుకున్నాడు. ఇంకో చేత్తో సంధ్యను ఒడిలో అదిమి పెట్టుకున్నాడు. పక్క మడికి పొద్దున్నే మందు కొట్టారంట. గాలి ఇటు తిరిగిందంట. పిల్లలు ఆ చేతులతోనే సద్ది తిన్నారంట. మిగతావాళ్లకు కండ్లు తిరిగాయి, వాంతులయ్యాయి. సంధ్యకు నోట్లో నురగ వచ్చింది.

శిరివెళ్ల దాకా ట్రాక్టరు, అక్కడినుంచి అంబులెన్సు. నంద్యాల ఆసుపత్రి గేటు కనబడుతుండగా పిల్ల చెయ్యి బరువైంది. నాగేశ్వరమ్మకు అది తెలిసింది, వేళ్లకు కాదు, మోచేతికి. ఆమె ఏడవలేదు. డాక్టరు వచ్చి ఏదో చెప్పాడు, తల ఊపింది. నర్సు సంతకం అడిగింది, వేలిముద్ర వేసింది. గోడ మీద ఫ్యాను తిరుగుతుంటే దాన్నే చూస్తూ కూర్చుంది.

తెల్లవారి పోలీసులు ఊరికి వచ్చారు. మద్దిలేటి చేలో జరిగిందంతా చెప్పాడు. ఎస్సై విని, వెంకటేష్ వైపు తిరిగాడు.

వెంకటేష్ సెల్‌ఫోన్ తీశాడు. "సూడండి సార్. నిన్న సంధ్య బళ్లో ఉండాది. పేరు పిలిస్తే పలికింది, పాఠం సదివింది. ఆఫీసరే సాచ్చెం. బళ్లో ఉండే పిల్ల నా సేన్లో యాడుంటాది? ఇంటికి పోయి ఏం తాగిందో ఏమో. ఇంట్లో పురుగుల మందు పెట్టుకుంటారు, సూసుకోరు."

ఫోన్లోంచి "శభాష్ సంధ్యా" అని వినబడింది.

ఎస్సై "ఇదేంది మద్దిలేటీ?" అన్నాడు.  ఆ వీడియోలో ఉన్నది వేరే పిల్ల అంటే, గౌను ఇచ్చింది ఎవరు? ట్రాక్టరు తోలింది ఎవరు? కేసు అట్లే ముగిసింది. కాగితాల మీద సంధ్య ఇంట్లో మందు తాగి చచ్చిపోయింది. చచ్చిన తావు కూడా ఆ పిల్లకు దక్కనియ్యలేదు.

వారం తర్వాత జీతగాడు ఒక ప్లాస్టిక్ కవరు గుమ్మంలో పెట్టి పోయాడు. సంధ్య గౌను. ఎవరో సువాసన సబ్బుతో ఉతికారు. జేబులో మడిచిన చాక్లెట్ కాగితం ఉంది, బంగారు రంగుది. నాగేశ్వరమ్మ దాన్ని వేళ్ల మధ్య తిప్పింది. స్పర్శ లేని వేళ్లు, కాగితం ఉందో లేదో కూడా తెలియలేదు. కొంగు చివర ముడేసుకుంది. కూలికి పోయింది. వచ్చింది. వండింది. అడిగితే మాట్లాడేది, లేకపోతే లేదు. "ఏడువు మే, ఏడిస్తే తేలికైతాది" అని ఇరుగుపొరుగు ఎంత పోరినా ఆమెకు ఏడుపు రాలేదు.

అప్పుడే కూలీల సంఘం ఫ్రాన్సిస్ వచ్చాడు. గడివేముల మనిషి, ఊరూరూ తిరిగేవాడు. ఆదివారం నీళ్లట్యాంకు కాడ కాలనీని కూర్చోబెట్టాడు.

"రుద్రవరం దావలో పెసరాయిపల్లె బడి ఎరుగుదురు గదా? ఆడి పిల్లోల్లకు గూడా సదవనీకి రాదు. ఆళ్లు పోయినేడు ఆఫీసరు ముందర రాదు అనే సెప్పిరి. ఏమాయ? బడి మూసినారా?"

జవాబు కూడా ఆయనే చెప్పాడు.

"మూయల్యా. ఇంకొక టీచరమ్మను ఇచ్చిరి. సాయంత్రం గూడా కూసోబెట్టి సెప్తాండారు. ఎనకబడిన బడికి అన్నీ ఇస్తారంట. మనకెందుకు రాల్యా? మన బడి మంచి బడంట! మంచి బడికి ఇద్దరెందుకని ఉండే టీచరమ్మను గూడా తీస్కపోయిరి. పెసరాయిపల్లెకు వచ్చినామె ఎవురనుకుంటాండారు? మన టీచరమ్మే."

 ఇన్నాళ్లూ పరువు అనుకుని కాలనీ మోసిచ్చింది పిల్లల చదువునా! సుగుణమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓరి పాడుగాను! బాగుండాం బాగుండామని సెప్పుకోని నాశినమైపోతిమే!"

"వెంకటేశన్నకు తెల్సా ఇది?" అన్నారెవరో.

"బడి కమిటీ పెద్దకు తెల్కుండా ఉంటాదా? పిల్లోల్లకు సదువొస్తే వాని సేన్లో పూలెవురు అద్దాల?" అన్నాడు ఫ్రాన్సిస్.

ఒక పెద్దమనిషి లేచాడు. "అంతా సరేప్పా. రేప్పొద్దున సీడు పని ఇయ్యనంటే ఏం తిని బతుకుదుము? నువ్వు గడివేములకు పోతావు, మేం ఈడనే ఉండాల."

"ఇయ్యనంటాడా? మొగ్గ విప్పితే తెల్లారేసరికి అద్దాల. మనం ఒక పొద్దు పోకపోతే వాని సేనంతా వట్టిపోతాది. మనకు వాడు ఎంత కావాల్నో, వానికి మనం అంతకంటే ఎక్కువ కావాల."

వాదులాట పొద్దెక్కేదాకా నడిచింది. మగవాళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. గౌన్లు ఇచ్చింది మీరు అంటే ట్రాలీ ఎక్కించింది మీరు అనుకున్నారు. మద్దిలేటి తల వంచుకుని మట్టిలో గీతలు గీస్తున్నాడు.

నాగేశ్వరమ్మ లేచింది. గట్టిగా కూడా మాట్లాడలేదు.

"నా బిడ్డ ఎట్లా రాదు. అది నాకు తెల్సు. ఆ పొద్దు బళ్లో సదివింది నా బిడ్డ కాదని ఆ మేడానికి తెల్యాల. నా బిడ్డకు సదవడం రాదని తెల్యాల. మీ పిల్లోల్లకు గూడా రాదని మీరు సెప్తే, నా మాట నమ్ముతారు. నేనొక్కదాన్ని సెప్తే పిచ్చిదంటారు."

అంతే మాట్లాడి కూర్చుంది. ఆ తర్వాత వాదులాట లేదు, ఎట్లా అన్నదే మిగిలింది.

అవకాశం వెంకటేషే తెచ్చాడు. బోడెమ్మపల్లె బడికి "ఆదర్శ పాఠశాల" బోర్డు ఇస్తారంట, గీతాంజలి మేడమే తెచ్చి తగిలిస్తుందంట. మళ్లీ సంచి తిరిగింది. ఇయ్యం అంటే ముందే పసిగడతాడు కదా? సుగుణమ్మే ఉపాయం చెప్పింది. తల్లులందరూ నవ్వుమొహంతో పాత చీరపేలికలు చక్కగా మడిచి సంచిలో వేశారు. పైన మాత్రం ఒక గౌను. సంధ్యది, నాగేశ్వరమ్మ ఇచ్చింది.

తెల్లవారి ఆళ్లగడ్డ వ్యాను దిగిన పిల్లలు సంచి విప్పితే ఒక గౌను వచ్చింది, మిగతావన్నీ మసిగుడ్డలు. వెంకటేష్ మొహం చూడాలి మీరు! తిట్టడానికి నోరు తెరిచేసరికి మేడం జీపు మలుపు తిరిగింది. వ్యానును వెనక్కి తోలించడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. వ్యాను కదిలేలోగా నాగేశ్వరమ్మ పోయి తన గౌను తీసుకుంది.

బడిలో ఆ పొద్దు మన పిల్లలే కూర్చున్నారు. వెనక గోడ పొడుగునా తల్లులు, వరండాలో తండ్రులు. పని మానుకుని అందరూ వచ్చారు. కృష్ణస్వామి సారు చాక్‌పీసు పట్టుకుని నల్లబల్లకు ఆనుకుని నిలబడ్డాడు.

మేడం నవ్వుతూ వచ్చింది. పుస్తకం తీసి ముందు బెంచీ పాపకు ఇచ్చింది. "చదువమ్మా."

పాప లేచింది. "రాదు మేడం."

పక్కవాడికి ఇచ్చింది. "రాదు మేడం."

మూడో పిల్ల పుస్తకం తీసుకోకుండానే అంది, "నాకు గూడా రాదు మేడం."

"భయపడతాండారు మేడం, పల్లెటూరి పిల్లోల్లు" అన్నాడు వెంకటేష్. "రాదు" అని ఇంకొకడు అన్నాడు. భయం లేదు ఆ గొంతులో. రాదని చెప్పుకోవడం సిగ్గు అనుకున్నారు ఇన్నాళ్లూ. ఆ పొద్దు ఆ పిల్లలు తలెత్తుకుని చెప్తున్నారు.

మేడం తికమకపడింది. "అదేంటి, పోయినసారి అంత బాగా చదివారు కదా? ఒక పాప ఉండాలి... సంధ్య. సంధ్య ఏదీ? లే అమ్మా."

ఎవరూ లేవలేదు.

"సంధ్యా?"

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. అందరూ ఒకేసారి చెప్పారు.

"సచ్చిపాయ మేడం."

నాగేశ్వరమ్మ వెనక గోడ కాడి నుంచి నడిచి ముందుకు వచ్చింది. గౌను బల్ల మీద పరిచింది. కొంగు ముడి విప్పి బంగారు రంగు చాక్లెట్ కాగితం దాని మీద పెట్టింది.

"ఇది నువ్వు ఇచ్చిందే గదా మేడం? ఈ గౌను నా బిడ్డది. చాక్లెట్ తిన్న పిల్ల నా బిడ్డ కాదు. నువ్వు శభాష్ సంధ్యా అంటాంటే, నా సంధ్య వెంకటేశన్న సేన్లో పూలు అద్దుతాండె. ఆడనే మందు గాలికి పడిపాయ. నా బిడ్డకు సదవనీకి రాదు మేడం. రాదని రాసుకో."

మేడం ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూసింది. సారు వైపు తిరిగింది. "నిజమా మాస్టారూ?"

వెంకటేష్ "స్వామీ!" అని గద్దించాడు. సారు చేతిలో చాక్‌పీసు విరిగింది.

"నిజమే మేడం. ఆ రోజు ఈ గదిలో ఈ ఊరి పిల్లలు ఒక్కరూ లేరు. ఒక్కరూ." చెప్పి బెంచీ మీద కూలబడ్డాడు. ఉద్యోగం ఉంటుందో పోతుందో, ఆయనకే తెలియదు.

"నాకు చూపించిందే నేను రాసుకున్నానమ్మా" అంది మేడం మెల్లగా.

"సూపించినోళ్లం మేమే. తప్పు మాదే. ఇప్పుడు ఇది సూపిస్తాండాం, ఇది రాసుకో."

వరండాలోంచి ఫ్రాన్సిస్ అరిచాడు. "మా బడి!"

"బాగలేదు!" అన్నారు తండ్రులు.

"మా బడి!"

"బాగలేదు!" అన్నారు పిల్లలు. ఏ ఊరైనా తన బడి మంచిదంటుంది. చూడండి, ఒక ఊరు ఊరంతా నిలబడి మా బడి బాగలేదని గొంతు చించుకుంటోంది. మేడం సైగ చేస్తే డ్రైవరు గోడకు ఆనించిన బోర్డు తీసి మళ్లీ జీపులో పెట్టాడు.

వెంకటేష్ అప్పటికే పోలీసులకు ఫోను చేశాడు. ప్రభుత్వ పనికి అడ్డుపడ్డారంట, ఆఫీసరును నిర్బంధించారంట. "నన్నెవరూ నిర్బంధించలేదు" అని మేడం అంటూనే ఉంది, వచ్చిన పోలీసులు వినలేదు. ఫ్రాన్సిస్‌ను కాలరు పట్టి పోలీసు జీపులోకి లాగారు. నాగేశ్వరమ్మ చెయ్యి పట్టుకోబోతే బల్ల మీది గౌను తీసుకుని "నేనే ఎక్కుతా లే" అంది. ఆమె వెనక సుగుణమ్మ ఎక్కింది. తర్వాత ఇంకొకామె. జీపు నిండింది, ఇంకా వస్తూనే ఉన్నారు. ఎస్సై "ఏందే మీకందరికీ!" అని తలపట్టుకున్నాడు. మద్దిలేటి ట్రాక్టరు తాళం తీసి వెంకటేష్ కాళ్ల ముందర పడేసి, జీపు వెనక నడక మొదలుపెట్టాడు.

జీపు కదిలింది. గదిలో మేడం ఇంకా కూర్చునే ఉంది. పిల్లలు ఒక్కొక్కరే లేచి చెప్తున్నారు. రాదు మేడం. రాదు మేడం. రాదు మేడం. మలుపు తిరిగేదాకా వినబడింది. నాగేశ్వరమ్మ గౌను మొహానికి అదుముకుంది. సబ్బు వాసన తప్ప బిడ్డ వాసన లేదు. అప్పుడు వచ్చింది ఏడుపు. అందరూ దారి పొడుగునా ఆమెను పట్టుకుని కూర్చున్నారు.

ఆ సాయంత్రం స్టేషను వరండాలో ఉండగానే కబురు వచ్చింది. విత్తనపత్తి పండించే పక్క ఊరికి మరుసటి రోజు తనిఖీ, అక్కడా ఇదే తంతు. అక్కడి జీతగాడు సంచి పట్టుకుని కాలనీకి పోయాడంట. ఇల్లిల్లూ తిరిగి, ఖాళీ సంచి మడిచి సంకలో పెట్టుకుని తిరిగి పోయాడంట.

"ఏమన్నారంట ఆడోల్లు?" అని అడిగింది నాగేశ్వరమ్మ.

"గౌన్లు ఇయ్యం, మా పిల్లోల్లే ఏసుకుంటారు అనిరంట."

నాగేశ్వరమ్మ తల ఊపి, ఒడిలో గౌను విప్పి, మళ్లీ మడతపెట్టింది.